సైకిల్ క్లబ్బు విందుకి ఎవర్ని పిలవాలి?

చార్లెస్ డికెన్స్ 1870 జూన్ 9న పోయాడు. రెండు వారాలు తిరక్కుండానే, జూన్ 22న, లండన్‌లోని హాక్నీలో కొందరు కుర్రాళ్ళు ఒక హోటల్లో కూచుని సైకిల్ క్లబ్బు పెట్టుకున్నారు. పేరేం పెడదామంటే, పోయిన పెద్దాయన జ్ఞాపకంగా ఆయన మొదటి నవల ‘పిక్‌విక్ పేపర్స్’ పేరు పెట్టేశారు. ఆ నవల 1836-37లో భాగాలు భాగాలుగా వచ్చింది. అందులో సైకిల్ ఊసే లేదు. ఉన్నదల్లా ఊళ్ళు తిరుగుతూ, దారిలో సత్రం కనబడితే దిగి, సుష్టుగా తిని, తాగి, కబుర్లు చెప్పుకునే ఒక పెద్దమనుషుల క్లబ్బు. సైకిల్ క్లబ్బుల సంగతి కాస్త తెలిసినవాళ్ళు మాత్రం ఆ పేరు అతికినట్టు సరిపోయిందనే అంటారు.

పిక్‌విక్ బైసికిల్ క్లబ్ ఇప్పటికీ ఉంది. ప్రపంచంలో బతికున్న సైకిల్ క్లబ్బుల్లో అదే పాతదని చెబుతారు. చేరిన ప్రతి సభ్యుడికీ నవల్లోని ఒక పాత్ర పేరు ఇస్తారు. ఒకాయన మిస్టర్ పిక్‌విక్, ఇంకొకాయన శామ్ వెల్లర్. సభ్యులెందరుండాలో కూడా ఆ పాత్రల లెక్కే తేలుస్తుంది. గడ్డిటోపీలు పెట్టుకుని లండన్‌లోని కనాట్ రూమ్స్‌లో విందుకి కూచుంటారు. సైకిల్ కంపెనీల పెద్దలూ ఒకప్పటి రేసు వీరులూ అతిథులుగా వస్తారు. అది మగవాళ్ళ క్లబ్బుగానే నడుస్తూ వచ్చింది, ఆ విషయమై నాలుగు మాటలూ పడింది. నూటయాభై ఏళ్ళు దాటిన ఆ క్లబ్బుని చూస్తే ముచ్చటేస్తుంది. కానీ లండన్ రోడ్ల మీద ఇవాళ సైకిల్ తొక్కేవాడికి దాని విందువల్ల ఒరిగిందేమిటని అడిగితే జవాబు కోసం తడుముకోవాలి.

హైదరాబాద్ ప్రగతి నగర్‌లో కూచుని ఈ గొడవంతా ఎందుకంటే, మన సైకిల్ క్లబ్బులు కూడా వార్షికోత్సవ విందుల వయసుకి వస్తున్నాయి కాబట్టి. మనవాటికి పెద్ద చరిత్ర లేదు. హైటెక్ సిటీ, గచ్చిబౌలి పెరిగిన కాలంలోనే ఇవీ పెరిగాయి. హైదరాబాద్ బైసైక్లింగ్ క్లబ్ ఉంది. వందల కిలోమీటర్లు తొక్కేవాళ్ళకి హైదరాబాద్ రాండోనర్స్ ఉంది. ఇవి కాక ప్రతి పేటకీ, కొన్ని చోట్ల ప్రతి గేటెడ్ కమ్యూనిటీకీ ఒక వాట్సాప్ గ్రూపు. గండిపేట చుట్టూ ఆదివారం రైడు, సత్తువ ఉన్నవాళ్ళకి అనంతగిరి కొండలు, శామీర్‌పేట, దారిలో ఎక్కడో ఒక టిఫిన్ సెంటరు. ఇడ్లీ-వడ దగ్గర తేలే స్నేహాలు ఆఫీసుల్లో తేలేవాటికన్నా గట్టిగానే ఉంటున్నాయి.

రాండోనర్ల సంగతి వేరే చెప్పాలి. 200 కిలోమీటర్లు 13 గంటల 30 నిమిషాల్లో తొక్కాలి. 300కి 20 గంటలు, 400కి 27, 600కి 40. ఒకే సీజన్లో నాలుగూ పూర్తిచేస్తే ‘సూపర్ రాండోనర్’ అంటారు. చేతిలో ఒక కార్డు ఉంటుంది. దారిలో చెప్పిన చోటల్లా, అది ధాబా కావచ్చు, పెట్రోలు బంకు కావచ్చు, ఆగి ఆ టైముకి అక్కడున్నట్టు రుజువు తెచ్చుకోవాలి. విజయవాడ హైవే మీద అర్ధరాత్రి ఎర్రలైటు మినుక్కుమంటూ ఒంటరి సైకిల్ కనబడితే అది చాలాసార్లు ఈ బాపతే. ఈ ఆట నియమాలు ప్యారిస్‌లోని ఆడాక్స్ క్లబ్‌వి. అది 1904లో పుట్టింది. నాలుగేళ్ళకోసారి వాళ్ళు పెట్టే ప్యారిస్-బ్రెస్ట్-ప్యారిస్ 1200 కిలోమీటర్లు, 90 గంటలు. 2023 ఆగస్టులో జరిగినదానికి మన దేశం నుంచి వందలమంది వెళ్ళారు. అంటే పరాయి దేశపు క్లబ్బుల దగ్గర నేర్చుకోవడం మనవాళ్ళకి కొత్తేమీ కాదు. అయితే ఇంతవరకు నేర్చుకున్నది దూరాల సంగతి. క్లబ్బు అనేది ఏం చేయాలన్న సంగతి మాత్రం మిగిలిపోయింది.

ఇక్కడి వార్షికోత్సవం ఎలా ఉంటుందో చూసినవాళ్ళకి తెలుసు. బాంక్వెట్ హాలు, వెనకాల తెర మీద ఏడాది ఫొటోలు, కొత్త జెర్సీ ఆవిష్కరణ, కేకు, ఎక్కువ కిలోమీటర్లు తొక్కినవాళ్ళకి మెడల్స్, బఫే. మైకు పట్టుకున్నాయన సభ్యులందరి కిలోమీటర్లూ కలిపి భూమిని ఎన్నిసార్లు చుట్టొచ్చామో చెబుతాడు. చప్పట్లు. నాకు ఇందులో తప్పు పట్టాలని లేదు. కష్టపడి తొక్కినవాళ్ళు ఒక రాత్రి తమని తాము మెచ్చుకుంటే ఎవరికి నష్టం? కానీ భూమి చుట్టూ తిరిగొచ్చిన లెక్క చెప్పేచోట, ఈ ఏడాది మన రోడ్డు మీద ఏం మారిందన్న లెక్క కూడా చెప్పాలి కదా. అక్కడే విదేశీ క్లబ్బుల కథలు పనికొస్తాయి. వాటిలో గెలిచినవీ ఉన్నాయి, గెలిచి చెడిపోయినవీ ఉన్నాయి. రెండోవే ఎక్కువ పనికొస్తాయని నా అభిప్రాయం.

మొదట ఇంగ్లండ్‌కే వెళ్దాం. 1878 ఆగస్టు 5న హారోగేట్ అనే ఊళ్ళో స్టాన్లీ కాటరెల్ అనే కుర్రవాడు చొరవ తీసుకుని బైసికిల్ టూరింగ్ క్లబ్ మొదలుపెట్టాడు. మూడు చక్రాల బండివాళ్ళని కూడా కలుపుకోవాలని 1883లో పేరు సైక్లిస్ట్స్ టూరింగ్ క్లబ్‌గా మార్చారు. ఇప్పుడు దాని పేరు సైక్లింగ్ యూకే. ఆనాటి సైకిల్ అంటే ముందు చక్రం మనిషంత ఎత్తు, వెనకది పళ్ళెమంత. గుంతలో పడిందంటే సవారీ తలకిందులుగా ముందుకే ఎగిరి పడతాడు. రైళ్ళొచ్చాక గుర్రపు బగ్గీల దారులు పాడుబడ్డాయి, వాటిని పట్టించుకునే నాథుడు లేడు. ఇక సత్రాలవాళ్ళకి దుమ్ము కొట్టుకుని వచ్చిన సైకిల్‌వాడంటే చిన్నచూపు.

ఈ క్లబ్బు చేసిన పనులు మూడు. ఊరూరా సత్రాలతో ఒప్పందం రాసుకుంది: మా సభ్యుడు వస్తే ఇంత ధరకి ఇంత భోజనం, ఇంత ధరకి పడక. ఒప్పుకున్న సత్రం గోడకి రెక్కలున్న చక్రం గుర్తు బిగించేవారు. కొన్ని పాత సత్రాల గోడల మీద అది ఇవాళ్టికీ కనిపిస్తుంది. రెండోది, ప్రమాదకరమైన దిగుళ్ళ పైభాగంలో సైకిల్‌వాళ్ళని హెచ్చరిస్తూ సొంత ఖర్చుతో బోర్డులు పాతారు. ప్రభుత్వం పాతేదాకా ఆగలేదు. మూడోది, 1886లో మరో సైకిల్ సంఘంతో కలిసి రోడ్లు బాగుచేయించే సంస్థ ఒకటి పెట్టి, రోడ్లు వేసేవాళ్ళకి రోడ్డు ఎలా వేయాలో చెప్పడం మొదలుపెట్టారు. 1899 నాటికి సభ్యులు 60 వేలు దాటారు. అంతమంది ఊరికే విందుకోసం చేరరు.

భోజనం మాట వచ్చింది కనక లేడీ హార్బర్టన్ కథ చెప్పకుండా ముందుకి వెళ్ళలేను. సైకిల్ మీద పొడుగు గౌను చక్రంలో ఇరుక్కుంటుంది కాబట్టి ఆమె మోకాళ్ళ కింద బిగుతుగా ఉండే నిక్కరు వేసుకుని తిరిగేది. 1898 అక్టోబరులో సర్రే జిల్లాలోని ఓకమ్ ఊళ్ళో హోట్‌బాయ్ అనే హోటల్లో భోజనానికి దిగింది. హోటల్ యజమానురాలు ఆమె వేషం చూసి, మర్యాదస్తుల గదిలోకి రానిచ్చేది లేదు, మగవాళ్ళు పొగ తాగుతూ కూచునే బారు పక్క గదిలో తినమంది. ఆ గోడ మీద క్లబ్బు రెక్కల చక్రం ఉంది. క్లబ్బు ఊరుకోలేదు. తన డబ్బుతో 1899లో ఆ హోటల్ మీద కేసు నడిపించింది. ఓడిపోయింది కూడా. భోజనం పెట్టనని అనలేదు కదా, వేరే గదిలో పెడతానందని జ్యూరీ తేల్చింది.

ఓడినా, ఒక సభ్యురాలి పళ్ళెం కోసం కోర్టుకెక్కిన క్లబ్బు అది. మన గ్రూపుల్లో ఆడవాళ్ళు తెల్లవారుజామున నాలుగున్నరకి ఒంటరిగా బయల్దేరి కలిసే చోటుకి ఎలా వస్తున్నారో, దారిలో ఎవరెవరు ఏమేం అంటున్నారో క్లబ్బు పనిగా పట్టించుకుంటున్నవాళ్ళు ఎందరు?

అమెరికా కథ ఇంకో రకం. 1880 మే చివర్లో న్యూపోర్ట్‌లో లీగ్ ఆఫ్ అమెరికన్ వీల్‌మెన్ పుట్టింది. రోడ్లు బాగుచేయాలన్న ఉద్యమాన్ని ఆ దేశంలో ముందుండి నడిపింది సైకిల్‌వాళ్ళే. ‘గుడ్ రోడ్స్’ అని 1892లో ఒక పత్రికే పెట్టారు. 1898 నాటికి సభ్యులు లక్ష దాటారు. రాజకీయ నాయకులు వీళ్ళ విందులకి పిలవకుండానే వచ్చే పరిస్థితి. అయితే 1894లో లూయీవిల్‌లో జరిగిన సమావేశంలో సభ్యత్వం తెల్లవాళ్ళకే అని తీర్మానం పెట్టి నెగ్గించారు. బాస్టన్‌లో బట్టలు కుట్టుకుని బతికే కిటీ నాక్స్ అనే నల్లజాతి అమ్మాయి అప్పటికే సభ్యురాలు. కార్డు చేతిలో ఉంది, తను కుట్టుకున్న సైకిల్ దుస్తులు ఒంటి మీద ఉన్నాయి. 1895లో ఆస్బరీ పార్క్ సమావేశానికి నేరుగా వెళ్ళింది. పత్రికలన్నీ ఆమె గురించే రాశాయి.

సభ్యులు లక్ష దాటిన నాలుగైదేళ్ళకే లీగు కుప్పకూలింది. సైకిల్ మోజు తగ్గడం అసలు కారణం. కలిగినవాళ్ళు మోటారు బళ్ళకి మారిపోయారు. 1902 నాటికి సభ్యులు పది వేలు కూడా లేరు. సైకిల్ మీదే బతుకు నడిపే పేదవాళ్ళని, నల్లవాళ్ళని ముందే గుమ్మం బయట నిలబెట్టారు కాబట్టి, లోపలివాళ్ళు లేచి వెళ్ళిపోయాక కుర్చీలు నింపడానికి ఎవరూ మిగల్లేదు. ఈ మాట చరిత్రకారులందరూ ఒప్పుకుంటారని అనను, నాకు అలా తోస్తుంది. ఆ తీర్మానాన్ని లీగు వారసులు రద్దు చేసింది 1999లో.

ఇదే కాలంలో ఇంగ్లండ్‌లో ఇంకో పద్ధతి నడిచింది. 1894లో బర్మింగ్‌హామ్‌లో క్లారియన్ సైక్లింగ్ క్లబ్ మొదలైంది. సోషలిస్టు పత్రిక ‘క్లారియన్’ పాఠకులు పెట్టుకున్నది. వారమంతా ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళు సెలవురోజు సైకిళ్ళెక్కి పల్లెలకి వెళ్ళి, ఆ పత్రిక పంచి, ఉపన్యాసాలు చెప్పి, కలిసి తిని వచ్చేవారు. మన దగ్గర పార్టీ పత్రికల్ని సైకిల్ క్యారియర్ మీద ఊరూరా మోసిన కార్యకర్తల కథలు విన్నవాళ్ళకి ఇది పరిచయమున్న వ్యవహారంలాగే ఉంటుంది. ఆ క్లబ్బు కూడా ఇంకా బతికే ఉంది.

నెదర్లాండ్స్ కథ కొంచెం నిదానంగా చెప్పాలి. సైకిల్ అనగానే అందరూ ఆ దేశం పేరెత్తుతారు, అక్కడ అది పుట్టుకతోనే వచ్చిందనుకుంటారు. ఇంగ్లిష్ టూరింగ్ క్లబ్బుని చూసి 1883లో ఉట్రెక్ట్‌లో డచ్చివాళ్ళు ఒక సైకిల్ సంఘం పెట్టుకున్నారు. రెండేళ్ళకి దాని పేరు ఏఎన్‌డబ్ల్యూబీ అయింది. అదే 1885లో ఉట్రెక్ట్ నగరంలోని మాలీబాన్ అనే పొడుగాటి చెట్ల వీధిలో సైకిళ్ళకని వేరే బాట వేయించారు. దేశంలో మొదటి సైకిల్ దారి అదే. 1894 నుంచి సంఘమే దారి చూపే బోర్డులు పాతింది. 1919లో ఇంకో ముచ్చటైన పని చేసింది. నేలకి అడుగున్నర, రెండడుగుల ఎత్తులో పుట్టగొడుగు ఆకారంలో రాళ్ళు పాతించింది. సైకిల్ దిగకుండానే తల కొంచెం వంచి, ఏ ఊరు ఎటు, ఎంత దూరమో వాటి మీద చదువుకోవచ్చు. ఆ పుట్టగొడుగులు అక్కడి అడవి దారుల్లో ఇప్పటికీ ఉన్నాయి.

తర్వాత సంఘం సభ్యులకి కార్లొచ్చాయి. సంఘం కూడా వాళ్ళ వెంటే వెళ్ళింది. 1946లో రోడ్డు మీద ఆగిపోయిన బళ్ళని బాగుచేసే సేవ మొదలుపెట్టింది, పసుపు రంగు మోటారు సైకిళ్ళ మీద మెకానిక్కులు వచ్చేవారు. యాభైలు, అరవైల్లో డచ్చి నగరాలు కార్ల కోసం వీధులు వెడల్పు చేశాయి, సైకిల్ బాటలు ఎత్తేశాయి, పాత పేటలు కూల్చాయి. అప్పటి ఆమ్‌స్టర్‌డామ్ ఫొటోలు చూస్తే మన అమీర్‌పేట గుర్తొస్తుంది. 1971లో ఒక్క ఏడాదిలో అంత చిన్న దేశంలో రోడ్ల మీద 3 వేల మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో పిల్లలే 400 పైచిలుకు.

ఆ పిల్లల్లో ఒకరు విక్ లాంగెన్‌హోఫ్ అనే పత్రికా రచయిత కూతురు. సైకిల్ మీద బడికి వెళ్తుంటే కారు గుద్దింది. ఆయన 1972లో తను పనిచేసే ‘డె టైడ్’ పత్రికలో రాసిన వ్యాసానికి ‘పిల్లల హత్యలు ఆపండి’ అని పేరు పెట్టాడు. ఆ పేరుతోనే ఉద్యమం మొదలైంది. తల్లిదండ్రులు, పిల్లలు వీధుల్లో కూచున్నారు. 1973 నవంబరు 4న చమురు కరువుతో ప్రభుత్వమే కార్లు లేని ఆదివారం ప్రకటించింది. ఖాళీ హైవేల మీద పిల్లలు స్కేటింగ్ చేశారు, సైకిళ్ళు తొక్కారు. కార్లు లేకపోతే తమ వీధులు ఎలా ఉంటాయో జనం కళ్ళారా చూశారు.

అంత గొడవ జరుగుతుంటే సైకిల్‌వాళ్ళ కోసమే పుట్టిన పాత సంఘం ఏం చేస్తోంది? కారు యజమానుల సభ్యత్వాలు చూసుకుంటోంది. ఒళ్ళు మండిన కొందరు 1975లో కొత్త సంఘం పెట్టి, ‘మొట్టమొదటి, ఏకైక, అసలు సిసలు డచ్చి సైకిల్ సంఘం’ అని పేరు పెట్టారు. పొడి అక్షరాల్లో అది ఈఎన్‌డబ్ల్యూబీ అవుతుంది. ఎవరి ముఖాన కొట్టినట్టో అందరికీ తెలిసింది. పాత సంఘం ఆ పేరు మీద చట్టపరంగా అభ్యంతరం పెట్టింది, కొత్తవాళ్ళు పేరు మార్చుకోవలసి వచ్చింది. ఇవాళ అది ఫీట్సర్స్‌బోండ్. ఆ దేశంలో ఇప్పుడు మనుషులకన్నా సైకిళ్ళే ఎక్కువ ఉన్నాయంటే, ఆ సంఘంవాళ్ళు కూడళ్ళ దగ్గర పట్టుకుని అడిగిన ప్రశ్నల చలవ చాలా ఉంది. పాత ఏఎన్‌డబ్ల్యూబీకి నలభై లక్షలు దాటిన సభ్యులున్నారు, దాని జయంతులూ ఘనంగానే జరుగుతాయి. దాని మెకానిక్కులు ఇప్పుడు సైకిల్ పంచర్లు కూడా వేస్తారట, అది వేరే సంగతి.

ఆ దేశపు గాలి హైదరాబాద్ దాకా కొంత వచ్చింది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని బైక్స్ అనే సంస్థ ప్రపంచ నగరాల్లో ‘సైకిల్ మేయర్’లని ఎంపికచేస్తుంది. హైదరాబాద్‌కి అలా ఎంపికైంది సంతాన సెల్వన్. సైకిల్ లేన్లు కావాలని ఆయన ఇక్కడ రైడర్లని కూడగట్టి ఊరేగింపులు చేయించాడు. ఇంకా వెనక్కి వెళ్తే, 2015లో హైటెక్ సిటీలో కార్లు లేని గురువారం ప్రయత్నించారు. 2017 నవంబరులో మెట్రో మొదలైన రోజుల్లో మియాపూర్ స్టేషన్ దగ్గర అద్దె సైకిళ్ళు పెట్టారు, అందులో హైదరాబాద్ బైసైక్లింగ్ క్లబ్ చెయ్యి ఉంది. మనవాళ్ళు మెడల్స్ పంచుకుని ఊరుకున్నారని అనడానికి లేదు.

వీటన్నిటికన్నా పెద్దది ఔటర్ రింగురోడ్డు పక్కన వేసిన సోలార్ కప్పు సైకిల్ ట్రాక్. 2023 అక్టోబరు 1న తెరిచారు. మొత్తం 23 కిలోమీటర్లు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ దాకా ఒక ముక్క, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకో ముక్క. నాలుగున్నర మీటర్ల వెడల్పు, పైన 16 మెగావాట్ల సౌర పలకలు, రాత్రి దీపాలు. ఎండాకాలం మధ్యాహ్నం కూడా నీడలో తొక్కొచ్చు. నిజంగా మంచి ట్రాక్. నాకున్న చిక్కల్లా దాన్ని చేరుకోవడమే. ప్రగతి నగర్ నుంచి నానక్‌రామ్‌గూడ పదిహేను కిలోమీటర్ల పైమాటే. జేఎన్‌టీయూ చౌరస్తా, మలేసియన్ టౌన్‌షిప్, హైటెక్ సిటీ ఫ్లైఓవర్లు దాటాలి. అందుకని జనం సైకిల్‌ని కారు వెనక ర్యాకుకి కట్టి, ట్రాక్ దాకా కార్లో వెళ్ళి, అక్కడ తొక్కి, మళ్ళీ కార్లో ఇంటికి వస్తున్నారు. డచ్చివాళ్ళు 1885లో మాలీబాన్‌లో వేసుకున్నది ఊరి నడిబొడ్డున, ఇంటినుంచి తొక్కుకుంటూ వెళ్ళే చోట.

ప్రగతి నగర్‌లో సైకిల్ ఎవరు తొక్కుతున్నారో చూడాలంటే ఆదివారం తెల్లవారుజామున చెరువు వైపు నుంచి జేఎన్‌టీయూ వెళ్ళే రోడ్డు పక్కన టీ బండి దగ్గర నిలబడితే చాలు. ఐదు దాటకముందే క్లబ్బువాళ్ళు వస్తారు. హెల్మెట్, ముందు తెల్లలైటు, వెనక మినుకుమనే ఎర్రలైటు, హ్యాండిల్ మీద ఫోన్లో రైడు లెక్కలు రాసే స్ట్రావా యాప్. కొన్ని బళ్ళ ధర లక్ష పైన. అదే టైములో ఎదురుగా అపార్ట్‌మెంట్లో రాత్రి డ్యూటీ దిగిన వాచ్‌మన్ వస్తుంటాడు. నల్ల హెర్క్యులిస్, మడ్‌గార్డు కొట్టుకుంటున్న చప్పుడు, హ్యాండిల్‌కి టిఫిన్ డబ్బా సంచి, లైటు లేదు. అతని వెనకే పేపర్ల కుర్రాడు, క్యారియర్‌కి పాత ట్యూబు ముక్కతో కట్టిన కట్టలు. రోడ్డు పక్క మురుగు కాలువ మీద ఇనుప జాలీ ఉంటుంది. దాని సందులు బండి వెళ్ళే దిక్కుకే నిలువుగా ఉన్నాయి, రోడ్‌బైకు సన్న టైరు అందులో దిగితే మనిషి లేవడు. క్లబ్బు ఆయన దాన్ని చూసి కుడికి తప్పుకుంటాడు. వాచ్‌మన్‌కి లైటు లేకపోయినా అది ఎక్కడుందో తెలుసు, అతనూ తప్పుకుంటాడు. ఒకరినొకరు చూసుకోరు. క్లబ్బువాళ్ళు వారానికోసారి ఆ జాలీ దాటుతారు. వాచ్‌మన్ రోజుకి రెండుసార్లు.

ఆ జాలీని తిప్పి బిగించడానికి పెద్ద నిధులేమీ అక్కర్లేదు. ఇంగ్లిష్ క్లబ్బు 1880ల్లో దిగుడు పైన బోర్డు పాతినటువంటి పని అది. ప్రగతి నగర్ పంచాయతీగా ఉన్నప్పుడే రోడ్లూ చెట్లూ పద్ధతిగా ఉన్న కాలనీ అని పేరుంది. 2019లో నిజాంపేట, బాచుపల్లితో కలిసి కార్పొరేషన్‌లోకి వెళ్ళింది. ఆఫీసు పేరూ గేటూ ఏదైనా ఇంజనీరు దగ్గరికి ఫొటోతో వెళ్ళి, మళ్ళీ వెళ్ళి, మూడోసారి కూడా వెళ్ళేవాళ్ళు కావాలి. ఒంటరి మనిషి మూడోసారి వెళ్ళడు. క్లబ్బు అనేది అందుకు. 600 కిలోమీటర్లు నిద్ర లేకుండా తొక్కగలిగినవాళ్ళకి ఒక ఆఫీసుకి మూడుసార్లు తిరగడం అసాధ్యమేమీ కాదు. కాకపోతే దానికి మెడల్ లేదు. ఉండాలని నేనంటాను. ఎక్కువ కిలోమీటర్ల బహుమతి పక్కనే, ఈ ఏడాది వీధిలో ఎక్కువ గుంతలు పూడ్పించినవాళ్ళకి ఇంకోటి పెట్టొచ్చు.

ఇక విందు సంగతి. ప్రగతి నగర్, నిజాంపేట క్లబ్బుల్లో ఎవరైనా వచ్చే వార్షికోత్సవానికి అతిథుల జాబితా రాస్తుంటే నా పేర్లు ఇవి. సినిమా నటుడూ వద్దు, ప్రోటీన్ పొడి కంపెనీ వాడూ వద్దు. మునిసిపల్ ఇంజనీరుని పిలవండి, ఆయన పక్కన జాలీ ఫొటో పెట్టండి. కూకట్‌పల్లి డిపో నుంచి ఒక బస్సు డ్రైవరుని పిలిచి, ఎడమ అద్దంలో సైకిల్ ఎక్కడిదాకా కనబడుతుందో, ఎక్కడ మాయమవుతుందో చెప్పించండి. ఆ పది నిమిషాలు ఏ ట్రైనింగ్ వీడియోకీ తీసిపోవు. ట్రాఫిక్ ఎస్సై రావాలి. బాచుపల్లి వైపు ఇన్ని స్కూళ్ళు ఉన్నాయి, వాటిలో సైకిల్ మీద వచ్చే పిల్లలు ఎందరో ఆ ప్రిన్సిపాళ్ళని పిలిచి అడగండి, ఎవరూ లేకపోతే ఎందుకు లేరో కూడా. పంచర్ షాపు అతను తప్పకుండా ఉండాలి, ఏ రోడ్డులో మేకులెక్కువో అతనికి తెలిసినంత మునిసిపల్ ఆఫీసులో తెలియదు. మీ ఖరీదైన ట్యూబ్‌లెస్ టైర్లకి అతని దగ్గర మందు లేదన్నది వేరే మాట.

వాచ్‌మన్లని పిలవండి. వాళ్ళు వడ్డించడానికో, గేటు దగ్గర కార్లకి దారి చూపడానికో రాకూడదు. బల్ల దగ్గర కూచోవడానికి రావాలి. పిలిచే ముందు డ్యూటీ మార్పించాలి, లేకపోతే ఎనిమిదింటికి వాళ్ళు గేటు దగ్గరే ఉంటారు. ఆ మాట అసోసియేషన్ ప్రెసిడెంటుతో మాట్లాడాల్సింది వాళ్ళు కాదు, మీరు. కూపన్లు అమ్మే విందైతే వాళ్ళ కూపన్లు క్లబ్బు పద్దులో రాసుకోండి. ఒక లైటూ ఒక రిఫ్లెక్టరూ కలిపి ఐదొందల లోపే వస్తాయి, వచ్చినవాళ్ళ బళ్ళకి అక్కడే బిగించి పంపొచ్చు. దానికి ఫొటో తీయకపోతే ఇంకా మంచిది.

బఫేలో ఏం పెట్టాలన్నది మీ ఇష్టం, ఆ విషయంలో ఈ ఊళ్ళో ఎవరికీ పాఠం చెప్పక్కర్లేదు. హాలు బుక్ చేసేటప్పుడు మాత్రం ఒక మాట ముందే అడిగి పెట్టుకోండి. ఇక్కడి ఫంక్షన్ హాళ్ళలో కారు ఆపితే తాళం తీసుకుని పెట్టే మనిషి ఉంటాడు. సైకిల్ మీద వచ్చినవాడిని సెక్యూరిటీవాళ్ళు గోడ పక్కన జనరేటర్ వెనక్కి పంపుతారు. ఆ రాత్రికి గుమ్మం ముందు సైకిళ్ళు పెట్టుకునే జాగా ఇస్తారా, తాళం వేసుకోవడానికి ఇనుప కడ్డీ ఏదైనా ఉందా అని మేనేజర్‌ని అడ్వాన్సు ఇవ్వకముందే అడగాలి.